పోపు గాలి

“ఇది మ్యూనిక్! పోపు వాసన పోతే పక్కింటామె ఏమనుకుంటది?” అంటూ కరుణాకర్ విసురుగా కిటికీ మూశాడు.

“ఊపిరాడ్తలేదు. పిల్ల తలనొప్పని ఏడుస్తున్నది,” అంది భార్య స్వరూప.

“గోడకు ఏసీ పెట్టించిన గద! బయటున్న డబ్బాలకెల్లి మంచిగాలి వస్తలేదా?”

“అది బయటిగాలి తేనే తేదు. ఇంట్ల గాలినే తిప్పి తిప్పి చల్లగ చేస్తది. నిన్నటి పోపును ఇయ్యాల గూడ మనమే పీలుస్తున్నం!”

స్వరూప కిటికీని మళ్లీ బార్లా తెరిచింది. పక్కింటి వంటగదిలో వేగుతున్న ఉల్లిగడ్డల వాసన గుప్పున లోపలికి వచ్చింది.

“మనమేమనుకుంటమోనని ఆమె ఎన్నడన్న కిటికీ మూసిందా?”

కరుణాకర్ ఏసీ ఆపి, వెళ్లి రెండో కిటికీ కూడా తెరిచాడు.