బొటనవేలు

"ఈ గుండ్రటి రీలు తాతల కాలంనాటిది. దీనికి కప్ప కూడా పడదు," అన్నాడు విండెల్, తన పుట్టినరోజు కానుకగా భార్య ఎంచిన గాలపు రీలును పక్కకు నెడుతూ.

ప్రతి శనివారం చెరువులో బాస్ చేపల్ని పట్టి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేసి వచ్చే మొనగాడు. అలబామాలో అదే మర్యాద కనుక, ఇంటికి చేప తెమ్మని ఏ భార్యా అడగదు. మా గాలాల కొట్లో మాత్రం ఎన్నడూ ఎర కూడా కొనలేదు.

"పెద్ద చేపకి ఇదే ఆగుతుందనేవాడు మా నాన్న," అంది నదీన్.

"మీ నాన్నకేం తెలుసులే!"

"ఏదీ, దారం మీద బొటనవేలు ఆనించు. పట్టు కుదురుతుందేమో చూద్దాం."

ఆనించాడు. ఆమె ఆ వేలిని తడిమి చూసింది.

"బాస్‌ని నోట్లో బొటనవేలు పెట్టే కదా ఎత్తేది? దాని పళ్ళకి గీసుకుని మా నాన్న వేలు ఆకురాయిలా ఉండేది. నీది వెన్నముద్దలా ఉందేం?"

"అదీ... చేతికి తొడుగులు వేసుకుంటాను."

"ఈ ఎండల్లోనా?"

నేను నవ్వు దాచుకోలేదు.

నదీన్ రీలును నా ముందుకు జరిపింది. "దీనికి నా చేతికి సరిపోయే గాలపు రాడ్డు చూపించండి, హోయిట్ గారూ. ఈ శనివారం చెరువుకి నేను పోతాను. ఈయనగారు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోతున్నారో, ఇక అక్కడే ఉండిపోతారు."