సాంచ సప్పుట్ల పాట

సైరన్ ఒక్కసారిగా మొత్తుకుంది. లింబాయత్ మైదానంలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి చెవులు మూసుకున్నారు. పక్క స్టాల్లో పిల్లలు తయారుచేసిన అగ్గి అలారం అది. కాస్త పొగ తగిలితే చాలు, కొంప మునిగినట్టు అరుస్తుంది. తన తిండి స్టాల్లో పొయ్యి ముందున్న వజ్రమ్మ చేతిలోని అట్లకాడ జారి కిందపడింది. ఆమె మొగుడు దేవదాస్ మాత్రం స్టూలు మీద కూర్చుని సర్వపిండి ముక్క తాపీగా నములుతున్నాడు.

వజ్రమ్మ అతని ఎదుటికొచ్చి నిలబడింది. “సూసినవా? గంత పెద్ద సైరన్ మోగితె నీకు ఇనవడలే!”

“ఎందుకు ఇనవడలే? దినాం సాంచల నడుమ పన్జేసేటోనికి గీ పీపీ ఓ లెక్కనా?”

మాటకు తడుముకోడు మహానుభావుడు! మీసాలు రాకముందు నుంచీ సూరత్ మరమగ్గాల షెడ్డులోనే ఉన్నాడు మరి. వాటినే వాళ్లు సాంచలంటారు.

వజ్రమ్మకు నవ్వు రాలేదు. పోయిన వారం ఉధనా రోడ్డు మీద వెనకనుంచి టెంపో హారన్ కొడుతూనే ఉన్నా ఈయన సైకిల్ పక్కకు తియ్యలేదు. తోటి పనివాడు పరుశురాం రెక్క పట్టి లాగకపోతే ఈపాటికి ఫోటోకు దండ పడేది. అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. వెకేషన్‌లో బస్తీవాళ్లు పెట్టిన ఈ మేళాలో పిల్లల సైన్సు ప్రయోగాలూ, ఆటపాటలూ, తిండి స్టాళ్లతో పాటు చెవుల పరీక్ష గుడారం కూడా ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఇవాళే ఆఖరు రోజు.

“జర డాక్టరమ్మకు సూపియ్యరాదయ్యా. నీ కాళ్లు మొక్కుత.”

“చెవుల మెషిన్ పెట్టుకొని పోతె, ముసలోడయిండని సేఠ్ ఇంటికి తోలుతడు. నాకేం రోగం లేదు.”

“మరి పొయ్యికాడికెంచి పిలిస్తె పలకవేంది?”

“పెండ్లాం పిలిస్తె పలకనోడు చెవిటోడయితె, సూరత్‌ల మొగోళ్లంత చెవిటోళ్లే!”

ఈసారి వజ్రమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఈ నోటికే కదా అప్పట్లో పడిపోయింది! ఆమె అదే షెడ్డులో కండెలు చుట్టే రోజులవి. ఆ హోరులో గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదు కనుక అందరూ పెదవులాడించే మాట్లాడుకునేవాళ్లు. ఓరోజు దేవదాస్ మగ్గం అవతలనుంచి ‘నన్ను చేసుకుంటవా’ అని అడిగితే, ‘సున్నం ఉన్నదా’ అన్నాడనుకుని డబ్బీ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ సున్నం సంగతి ఎత్తి ఇప్పటికీ ఏడిపిస్తాడు.

“సరే, పందెం,” అన్నాడు దేవదాస్. “ఇయ్యాల నీరజ స్టేజి మీద పాడుతది గద. ఆ పాట ఇనొచ్చి మాటకు మాట నీకు ఒప్పజెప్త. ఒక్క మాట తప్పినా డాక్టరమ్మ కాడికి నడుస్త. తప్పకపోతె మల్ల ఆ ముచ్చట ఎత్తద్దు.”

వజ్రమ్మ ఆలోచించింది. అది కూతురు సొంతంగా కట్టుకున్న పాట. విజయశ్రీ టీచరింట్లోనే సాధన చేసింది. అమ్మాబాపులు ఇవాళే వినాలని ఇంట్లో కూనిరాగం కూడా తియ్యలేదు. మొగుడికి ముందే తెలిసే వీల్లేదు. తప్పొప్పులు తేల్చడానికి నీరజ ఉండనే ఉంది.

“మాట మీద ఉంటవా?”

“నీ సున్నం డబ్బీ మీద ఒట్టు!”

దేవదాస్ పోయి ముందు వరుసలో కూర్చున్నాడు. నీరజ స్టేజి ఎక్కింది. పొడుగు పిల్ల కావడంతో మైకు గడ్డం కిందికే వచ్చింది. కీబోర్డు, డోలక్ మొదలయ్యాయి. ఏం ఖర్మమో, సరిగ్గా అప్పుడే పక్కనున్న సైరన్ మళ్లీ అందుకుంది. ఇటు చూస్తే “మాసీ, ఏక్ తెలుగు థేప్లా!” అంటూ సర్వపిండి కోసం గుజరాతీ జనం. వజ్రమ్మకు సంగీతమైతే లీలగా అందింది కానీ బిడ్డ పాట ఒక్క ముక్క చెవిన పడలేదు. మునివేళ్ల మీద లేచి చూసింది. దేవదాస్ బిడ్డ మీదనుంచి చూపు తిప్పకుండా తలూపుతున్నాడు. ఆమె గుండె కాస్త కుదుటపడింది.

పాట అయ్యాక చప్పట్లు పలచగా పడ్డాయి. ఈ జనానికి పాట విలువేం తెలుసని వజ్రమ్మ లోలోపలే తిట్టుకుంది.

దేవదాస్ కుస్తీ గెలిచినవాడిలా వచ్చాడు. వెనకే తలవంచుకుని నీరజ.

“ఇను మరి,” అని గొంతు సవరించుకున్నాడు.

“సాంచ సప్పుట్ల పెరిగిన పిట్టను,
సప్పుడు లేకుంటె నిదురే పట్టదు.
మా బాపు నేసిన చీరెల కొంగులు
ఏ ఊరి ఎండల్ల ఆరుతున్నయో!”

వజ్రమ్మ బిడ్డ వైపు తిరిగింది. “గిదేనా బిడ్డా?”

నీరజ కళ్లింత చేసుకుని తండ్రినే చూస్తోంది. “గిదే అమ్మా. ఒక్క మాట తప్పలే.” ఆ మాట అంటూనే ఏడ్చేసింది.

బాపు తన పాటను అంత మనసు పెట్టి విన్నాడని పిల్ల పొంగిపోయిందనుకుంది వజ్రమ్మ. ఆమెకూ కళ్లు చెమర్చాయి. ఉత్త పుణ్యానికి మనిషిని అనుమానించి సతాయించానే అని బాధపడింది.

అవతల గుడారంలో డాక్టరమ్మ యంత్రాలు పెట్టెలో సర్దుతూ కేకేసింది. “మాసీ, అంకుల్ ఆయేంగే క్యా? హమ్ నికల్ రహే హై!”

“నక్కో బెన్!” అని వజ్రమ్మ గర్వంగా చెయ్యూపి, మొగుడి వైపు చూసి నవ్వింది. “మా ఆయనవి పాము చెవులు!”

దేవదాస్ పందెం గెలిచిన సంబరంలో ఇంకో సర్వపిండి తుంచుకుంటూ అటు తిరిగాడు. నీరజ తల్లి కొంగు పట్టి లాగింది.

“అమ్మా, డాక్టరమ్మను ఆపు.”

“ఎందుకే?”

“భయానికి నా గొంతే లేవలే అమ్మా, ఉత్తగ పెదాలాడించిన.”