కజిటా గారి షిబా

"ప్రదర్శనకి ముందురోజు ఎవరైనా కుక్కకి షాంపూ స్నానం చేయిస్తారా అమ్మా?"

కజిటా గారు రికు వీపు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు. గరుకుగా ఉండాల్సిన వెంట్రుకలు దూదిలా మెత్తబడ్డాయి.

"ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"మర్చిపోయానండీ. మొదటిసారి కదా," అంది చిజురు తల దించుకుని.

"పొద్దున ఏం పెట్టావు?"

"కొంచెం అన్నం, కొంచెం కోడిమాంసం..."

"కొంచెమా? ఆ పొట్ట చూడు, పీపాలా ఉంది!"

పక్కన తన కుక్కకి దువ్వెన పెడుతున్న ఆవిడ పకపకా నవ్వింది. "కొత్తావిడ కదా కజిటా గారూ, పోనీలెండి."

చిజురు మర్చిపోలేదు. అన్నీ కావాలనే చేసింది. గిఫు ఊరి దగ్గర ఓ బడి వంటశాలలో పనిచేసే ఆమెకి, రెండేళ్ల క్రితం షిబా జాతి కుక్కల్ని పెంచి పేరు తెచ్చుకున్న కజిటా గారు ఈ పిల్లని ఊరికే ఇచ్చారు. ఒక్కటే షరతు. రెండేళ్లు నిండాక షిబా పెంపకందార్ల క్లబ్బు వాళ్ల శరదృతువు ప్రదర్శనలో నిలబెట్టాలి. మొదటి శ్రేణి వస్తే సంతానం కోసం కుక్క ఆయన దగ్గరికి వెళ్లిపోతుంది. రాకపోతే ఎప్పటికీ ఆమెదే. అప్పుడది దోసిట్లో పట్టేంత పిల్ల కాబట్టి సరేనంది. ఇంతలా ప్రాణానికి ప్రాణమైపోతుందని ఎవరు కలగన్నారు? ఇచ్చిన మాట తప్పడం ఆమెకి చేతకాదు. అందుకే నెలరోజులుగా ఎలా ఓడిపోవాలా అన్న ఆలోచన తప్ప ఆమె బుర్రలో మరోటి లేదు.

"ఇలా చూడు," అంటూ కజిటా గారు తాడు అందుకున్నారు. "ఈ జాతి కుక్కని చెయ్యి పెట్టి నిలబెట్టకూడదు. తాడు వదులుగా పట్టుకుని నువ్వు దూరంగా ఉండాలి. అదే నిలబడాలి."

రికు నిలబడలేదు. మెడ తిప్పి తిప్పి చిజురు వైపే చూసింది. అటు లాగితే ఇటు, ఇటు లాగితే మళ్లీ ఇటే.

"ఛ! దీనికి లోకంలో నువ్వు తప్ప ఇంకేం కనబడదా?"

ఆయన విసుక్కుంటూ మోకాళ్ల మీద కూర్చుని, రికు నోరు తెరిచి చూశారు. ప్యాంటుకి అంటిన గడ్డి దులుపుకుని లేచారు.

నది ఒడ్డున మైదానంలో నాలుగు వైపులా తాడు కట్టి బరి గీశారు. లోపలికి వెళ్లాక ఏదో ఒకటి చెడగొడదామనుకుంది చిజురు. తాడు లాగుదామనుకుంది, అడ్డంగా నడుద్దామనుకుంది. తీరా బరిలోకి దిగేసరికి ఉన్నచోటే నిలబడిపోయింది. చేతిలో తాడు వదులైపోయింది. ఎదురుగా మరో కుక్క నిలబడింది. అంతే, రికు చెవులు నిక్కించి, తోక వీపు మీదికి చుట్టి, నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలిచింది.

"అబ్బ! అదీ నిలబడ్డమంటే!" అన్నారెవరో.

చచ్చానురా దేవుడా అనుకుంది చిజురు.

న్యాయనిర్ణేత చుట్టూ తిరిగి చూసి, సంతోషంగా తలాడించారు. "వెంట్రుక మెత్తబడింది గానీ, మిగతాదంతా బంగారం. పళ్లలో లోపం ఏదైనా ఉంటే నోరు తెరవకముందే చెప్పాలమ్మా."

రికు పళ్లు ఆమె ఏనాడూ లెక్కపెట్టలేదు. దిక్కుతోచక, బరి బయట నిలబడ్డ కజిటా గారి వైపు చూసింది.

"కింద ఎడమవైపు రెండు లేవు," అన్నారాయన.

"మీ కుక్కకా!" అన్నారు న్యాయనిర్ణేత.

"పొద్దున చూశాను."

"విరిగాయా? విరిగితే పెద్ద లోపం కాదుగా."

కజిటా గారు రికు వైపు ఓసారి చూశారు. "విరగలేదు. పుట్టుకతోనే లేవు."

న్యాయనిర్ణేత రికు నోటి దాకా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఒకప్పుడు, గెలవబోతున్న తన సొంత కుక్క లోపాన్ని తానే చెప్పి బరిలోంచి తీసుకుపోయిన మనిషి కజిటా గారు. ఆయన మాట అన్నాక మళ్లీ నోరు తెరిచి చూసే అలవాటు ఆ క్లబ్బులో లేదు.

జనంలో గుసగుసలు లేచాయి.

"కజిటా గారి సంతతిలోనా?"

"వచ్చే ఈతలో పిల్ల కావాలని చెప్పుంచాను. ఇంక వద్దులే బాబూ."

రికుకి మూడో శ్రేణి ఇచ్చారు. పొంగుకొస్తున్న సంతోషం ఎవరి కంటా పడకూడదని చిజురు తల ఎత్తలేదు. బయటికొచ్చాక నడుం వంచి, "క్షమించండి కజిటా గారూ. మావల్ల మీ పేరు..." అంది.

"నా పేరుతో నీకేం పని? పళ్లు లేని కుక్కని నేనేం చేసుకుంటాను! తీసుకుపో."

కుక్కని ఒక్కసారైనా నిమరకుండా ఆయన వెళ్లిపోయారు. ఎంత రాతిగుండె! రెండు పళ్ల కోసం కన్నబిడ్డలాంటిదాన్ని విదిలించేశాడు అనుకుంది చిజురు. ఆమెకి నిజంగానే ఒళ్లు మండింది.

కారెక్కాక, ముందు సీట్లో కూర్చున్న రికుకి ఎండుచేప ముక్క అందించింది. అది కరకరా నమిలి మింగేసి, ఇంకా కావాలన్నట్టు చూసింది.

"పళ్లు లేకపోతేనేం రా నా బంగారం! అవి లేకపోబట్టే కదా నువ్వు నాకు దక్కావు."

మనసు ఆగక, తమని కాపాడిన ఆ ఖాళీని ఒక్కసారి కళ్లారా చూసుకుందామని, ఎడమవైపు కింది పెదవిని వేలితో మెల్లగా లాగింది.

ఖాళీ ఎక్కడా లేదు.