వదినె చేతి కూడు

తలుపు గొళ్లెం ఊడి లోపల పడింది. ఏం జరుగుతోందో తెలిసేలోపే హనుమండ్లు తన వదిన దుర్గవ్వ కొప్పు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు.

"నాకు మందు ఎందుకు పెట్టినవే?" అంటూ కట్టెతో వీపు మీద ఒక్కటిచ్చాడు.

రెండో దెబ్బకు దుర్గవ్వ తూలి గడప మీద పడింది. పెదవి చిట్లి నోరంతా నెత్తురైంది. సుల్తానాబాద్ పక్కన ఆ ఊళ్లో అన్నంలో మందు కలిపి పెట్టిందన్న మాట పడితే చాలు, ఆడదాని బతుకు బుగ్గే. అందులోనూ మొగుడు పోయినదైతే అడ్డం వచ్చేదెవరు? వాడకట్టంతా చోద్యం చూస్తోంది. ఒకడు ఫోన్‌లో వీడియో కూడా తీస్తున్నాడు.

హనుమండ్లు అంగీ పైకెత్తాడు. కడుపు కుండలా ఉబ్బి ఉంది. "సూడుండ్రి! బుక్క తింటె సాలు, గిట్లయితంది. దసరనాడు గీమె ఇంట్ల తిన్నసంది గిదే పరేషాన్."

"దవాఖానకు పోరాదు?" అని మూలిగింది దుర్గవ్వ.

"పోయిన. స్కానింగుల ఏం లేదన్నరు. ఏం లేకుంటె ఎందుకు ఉబ్బుతది? నువ్వు పెట్టిన మందు స్కానింగుల కనవడ్తదా?"

"పండ్లు పీకు. పండ్లు పోతె మంత్రం పారది," అంటూ పక్కింటి సాంబయ్య పట్కారు అందించాడు. సాయానికి ఎప్పుడూ ముందుండే మనిషి!

ఇనుము పంటికి తగలగానే దుర్గవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆగు హనుమండ్లూ! నీ మీద ఒట్టు, మందు గాదు. బర్రె ఈనిందని చెంబులకు చెంబులు పాలు తాగవడితివి. పొద్దూకితె మిర్చీలు. నాకూ గిట్లనే ఉబ్బితె పెద్దపల్లి డాక్టర్ పాలు బంద్ పెట్టిచ్చిండు. పున్నందాక నా చేతి కూడు తిను. కడుపు దిగకుంటె పండ్లు గాదు, నా పానమే తీయి!"

హనుమండ్లు భార్య శ్యామల ముందుకొచ్చింది. "తింటడు. ముందుగాల నువ్వు తినాలె అక్కా, తర్వాతనే ఆయన."

దుర్గవ్వ చిట్లిన పెదవితోనే పొయ్యి ముట్టించింది. పాలు, శెనగపప్పు, నూనెలో వేయించినవి అన్నీ బంద్. పరగడుపున వాము నీళ్లు, పగలు మెత్తటి అన్నంలోకి సొరకాయ కూర, పొద్దుగూకక ముందే పెసరుకట్టు. ప్రతి ముద్దా ముందు తాను మింగి చూపించింది. ఒకనాడు పాలు పొయ్యలేదని హనుమండ్లు చెంబు విసిరితే నుదురు పగిలింది. కొంగు అదిమిపెట్టుకుందే గానీ చుక్క పాలు పొయ్యలేదు. తన్నేవాడి కడుపు మీద తన్నులు తినేదానికి ఎంత బెంగో! ఏం చేస్తుంది, అది తగ్గితేనే తాను బతికేది.

పున్నమి నాడు వాడకట్టంతా మళ్లీ కూడింది. హనుమండ్లు అంగీ ఎత్తాడు. కడుపు వీపుకంటుకుని ఉంది. సాంబయ్య వేళ్లతో నొక్కి చూసి నోరు తెరిచాడు. దుర్గవ్వకు దుఃఖం ఆగలేదు. బతికిపోయాననుకుంది.

"ఇప్పుడన్న నమ్మినవా, తండ్రీ?"

"నమ్మిన వదినె," అన్నాడు హనుమండ్లు, ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంటూ. "మందు పెట్టినోళ్లు గాకుంటె గింత సాఫ్‌గ ఎవ్వలు తీస్తరు?"