ఆయిల్ దొంగ

“తాళాలు ఈడ పెట్టి పోరా, ఓబులేషూ!”

యజమాని హనుమంతరాయుడు గద్దించేసరికి డ్రైవర్ ఓబులేష్ కారు తాళాలు అరుగు మీద పెట్టాడు.

“నా పిల్లోల్ల మీద ఒట్టు అన్నా, నేను చుక్క కూడా తీయల్యా.”

“మరి వారానికి లీటరు ఆయిల్ యాడికి పోతాండాదిరా? కింద చుక్క పడల్యా. కారే తాగిందా?”

ఓబులేష్ చేతులు జోడించాడు.

“సాయంత్రం పోలీసుల కాడ చెప్పుకో. మా నాయన కాలంలో ఒగడు ఇట్లే చేసినాడు. మళ్లీ ఈ బెళుగుప్పలో తలెత్తల్యా.”

హనుమంతరాయుడికి అనుమానం తగులుకుంటే అన్నం కూడా సయించదు. షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న తండ్రిగారి తెల్ల అంబాసిడర్‌ను ఈ ఏడాదే రోడ్డెక్కించాడు. టైర్లు, బ్యాటరీ, పైపులు అన్నీ మార్పించాడు. ఇంజను మాత్రం విప్పనీయలేదు. విప్పితే లోపలి సామాన్లు మెకానిక్ ఎక్కడ మార్చేస్తాడోనని భయం!

“నేను ఒగసారి చూడచ్చునా అప్పా?”

వాకిట్లో ఎవరో ముసలాయన. చంకలో గుడ్డసంచి.

“ఎవురప్పా నువ్వు?”

“మడకశిర పక్క. బిడ్డింటికి వచ్చినా. మీ కారు సంగతి టీ అంగట్లో చెప్పుకుంటాండ్రి.”

ఓబులేష్ పిలిపించాడా? లేక పాత సామాన్ల బేరగాడా? హనుమంతరాయుడు అతన్ని ఎగాదిగా చూశాడు.

“సరే, షెడ్డులోకి రా.”

“వద్దప్పా. నేను లోపలికి రాను. కారునే బయటికి తీపియ్యండి.”

లోపలికి వస్తే ఏం ఎత్తుకుపోతాడో అని ఒక అనుమానం. రానంటే ఎందుకు రానంటున్నాడని ఇంకో అనుమానం!

కారు బయటికి వచ్చింది. బానెట్ తెరుచుకోక ఓబులేష్ గింజుకుంటుంటే, ముసలాయన ఎడమ మూల అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు.

టప్పున లేచింది.

“నీకెట్ల తెలుసు?” హనుమంతరాయుడు కళ్లు చిట్లించాడు.

“పాత బండ్లన్నీ ఇంతే కదప్పా.”

కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తుడిచాడు. సంచిలోంచి తెల్లటి పొడి తీసి పైనుంచి కిందిదాకా మెల్లగా చల్లాడు.

విబూది మంత్రించి దొంగను పట్టేవాళ్లుంటారని వినడమే గానీ, చూడడం ఇదే మొదలు! హనుమంతరాయుడు చటుక్కున చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు.

“నువ్వూ చెప్పులు ఇడువురా, ఓబులేషూ! ఇప్పుడు తెలుస్తాది నీ సంగతి.”

ఓబులేష్ బిక్కమొహం వేసుకుని చెప్పులు విడిచాడు.

“సామీ, దొంగ దొరుకుతాడా?”

ముసలాయనకు నవ్వొచ్చింది.

“దొరుకుతాడు గానీ, ఇది విబూది కాదప్పా. చంటిపిల్లోల్లకు పూసే పౌడరు. ఇంజను కారుతాంటే, కారేచోట తడుస్తాది.”

హనుమంతరాయుడు చప్పున చెప్పులు తొడుక్కున్నాడు.

అరగంట ఇంజను నడిపారు. పౌడరు ఎక్కడా తడవలేదు.

“చూసినావా! కారు కారల్యా. అంటే వీడే!”

“తొందరపడద్దండప్పా. ఈ కారు పోతాంటే మీరు ఎప్పుడన్నా వెనక నిలబడి చూసినారా?”

“నా కారుకు నేను వెనక నిలబడేదేంది?”

“ఈ పొద్దు నిలబడండి.”

గుట్ట దిగే తారురోడ్డు దగ్గరికి పోయారు. స్టీరింగు ఓబులేష్ పట్టుకున్నాడు. కారుతో వాడు పారిపోతే ఇతన్నైనా పట్టుకుందామని హనుమంతరాయుడు ముసలాయన భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి గుట్ట దిగు నాయనా! కిందికి పోయినాక గట్టిగా తొక్కు!” ముసలాయన అరిచాడు.

కారు దిగింది. కింద ఓబులేష్ తొక్కాడు.

సైలెన్సర్‌లోంచి గుప్పుమని నీలం పొగ!

“అదీ మీ ఆయిలు” అన్నాడు ముసలాయన. “లోపల ఆయిలును ఆపే వాల్వు గైడ్లు అరిగిపోయినాయి. దిగుడులో కాలు తీస్తే ఇంజను ఆయిల్ పీల్చుకుంటాది. తొక్కితే కాల్చుకుంటాది. ఊర్లో మట్టిరోడ్డు, ఆ దుమ్ములో పొగ అగుపడదు.”

హనుమంతరాయుడి చెయ్యి ముసలాయన భుజం మీంచి జారిపోయింది.

“అంటే... కారే తాగిందా?”

“కారే తాగిందప్పా.”

ముసలాయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పొగ పడలేదేమో అనుకున్నాడు హనుమంతరాయుడు.

ఇంటికొచ్చాక తాళాలు ఓబులేష్ చేతిలో పెట్టాడు. మొహం మాత్రం చూడలేకపోయాడు.

“తప్పైపోయిందిరా.”

ఓబులేష్ భోరుమన్నాడు.

“పెద్దాయనా, లోపలికి రా. అన్నం తిని పోదువు” అన్నాడు హనుమంతరాయుడు.

“వద్దప్పా, బస్సుకు టైమయింది. మీ నాయన పటం ముందర ఒగ మాట చెప్పండి, చాలు. కారే తాగిందని.”

సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. వింత మనిషి! చచ్చిపోయినాయనకు కారు సంగతెందుకు? పేరైనా అడగలేదే అని హనుమంతరాయుడు వాకిట్లోకి వచ్చేసరికి బస్సు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది.

ఓబులేష్ కారును షెడ్డులో పెట్టాడు. పగలంతా గోడకానుకుని ఉండే తలుపుల్ని హనుమంతరాయుడు తనే లాగి మూశాడు.

తలుపు మీద ముప్పై ఏళ్ల కిందట తండ్రి తారుతో రాసిన అక్షరాలు. చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. దుమ్ము తుడిచి, మొదటిసారి నిలబడి చదివాడు: “ఆయిల్ దొంగ డ్రైవర్ నరసింహప్ప ఈ గడప తొక్కరాదు.”