ముట్టుకుంటే

“సెప్పవే అమ్మీ. ఎవడైనా నిన్ను ముట్టుకున్నాడా?”

నూతి గట్టు పక్కన కూర్చుని వాంతి చేసుకుంటున్న విజయదుర్గ తల ఎత్తలేదు. ప్రసన్నలక్ష్మి కూతురి జడ పట్టుకుని మొహం ఇటు తిప్పింది. తొమ్మిదో తరగతి పిల్ల. వారం నుంచీ తిన్నది ఇమడడం లేదు. రెండు నెలలుగా బయట చేరలేదు. ఈ రెండూ కలిపి చూసుకునేసరికి తల్లికి ఇంకో అనుమానం మిగల్లేదు.

“ముట్టుకున్నారు,” అంది దుర్గ ఏడుస్తూ.

“ఎవడే?”

“ఒకడు కాదు.”

తల్లి చెయ్యి లేచి పిల్ల చెంప మీద పడింది. ఆ తర్వాత ఎంత గుచ్చి గుచ్చి అడిగినా దుర్గ చెప్పింది ఒక్కటే. వాళ్లెవరో తెలీదట. బళ్లో చేరినప్పటి నుంచీ ఇదేనట. కడుపొచ్చిందని తనకూ అనుమానంగానే ఉందట.

మల్లేశ్వరరావు కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, సంగతి విని, పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. తమ ఊరు కకిరిగుమ్మలో ఉన్న చదువు చాలని తాను ముందే అన్నాడట. ట్రెక్కర్ జీపు ఎక్కించి పక్క ఊరి హైస్కూలుకి పంపుదామని ఎగిరింది ఆవిడేనట. పిల్ల పుస్తకాలన్నీ అటక ఎక్కించాడు. పార్వతీపురంలో ఉన్న అక్కకి ఫోను చేసి, ఎలాంటివాడైనా సరే, నెల తిరక్కుండా ఒక సంబంధం చూడమన్నాడు. ఎందుకంత తొందరని ఆవిడ అడిగితే ఫోను పెట్టేశాడు. అన్నీ తనే తేల్చేసి, పిల్లని డాక్టరుకి చూపించే పని మాత్రం పెళ్లాం నెత్తిన పడేశాడు.

మర్నాడు పొద్దున్న తల్లీకూతుళ్లు రాయగడ రైలెక్కారు. అక్కడైతే ఎవరికీ తెలీదని మల్లేశ్వరరావు ఊహ. రాయగడ బజార్లో సగం కొట్లు వాళ్ల చుట్టాలవేనన్న సంగతి ఆయనకి గుర్తు లేదు. ప్రసన్నలక్ష్మి నెత్తిన కొంగు కప్పుకుని, సందులూ గొందులూ తిరిగి, చివరికి సరిగ్గా ఆడపడుచు తోడికోడలి ఎదురుగానే తేలింది. ఏటి వదినా ఇలాగొచ్చేవంటే పన్నునొప్పి అంది. అన్నందుకు ఆసుపత్రి దాకా దవడ పట్టుకునే నడిచింది.

డాక్టరమ్మ ఒడియా ఆవిడే అయినా తెలుగు గడగడా మాట్లాడుతుంది. తల్లిని బయట కూర్చోమని పిల్లతో చాలాసేపు మాట్లాడింది. తల్లిని తిరిగి లోపలికి పిలిచేసరికి డాక్టరమ్మ మొహం కోపంతో కందగడ్డలా ఉంది. దుర్గ కంటి కింది రెప్ప లాగి తల్లికి చూపించింది. కన్ను పచ్చగా ఉంది.

“కామెర్లు. కడుపూ లేదు, కాకరకాయా లేదు.”

ఈ వయసులో ఒకటి రెండు నెలలు నెలసరి రాకపోవడం మామూలేనంది.

“మరి ముట్టుకున్నారంది కదండీ?”

“ట్రెక్కర్లో పక్కవాళ్ల భుజాలు తగిలేయట. పదిమంది పట్టే బండిలో పాతికమందిని కుక్కితే తగలవా? మగాడు ముట్టుకుంటే కడుపొస్తుందని చెప్పింది నువ్వేనట.”

ప్రసన్నలక్ష్మికి ఒళ్లు మండింది. మరేం చెప్పాలి? పెద్దమనిషైన పిల్లకి ఆ మాత్రం భయం చెప్పొద్దా? తనకి తన తల్లీ అలాగే చెప్పింది. ఉన్నదున్నట్టు కన్నకూతురికి ఏ నోటితో చెబుతారు? పోనీ బళ్లో చెబుతారా అంటే, ఆ పాఠం వచ్చేసరికి సైన్సు మాస్టారు ఇంటి దగ్గర చదువుకోండని పేజీలు తిప్పేశాడట. ఇదంతా గుక్క తిప్పుకోకుండా అడిగేసింది.

“అయితే ఇప్పుడు నా ముందు చెప్పు,” అంది డాక్టరమ్మ.

ప్రసన్నలక్ష్మి నోరు తెరిచింది. ఫ్యాను వైపు చూసింది. గోడ మీది పసిపాప బొమ్మ వైపు చూసింది. పెళ్లయ్యాక, అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ విసుగ్గా కుర్చీ ముందుకు లాక్కుని తానే చెప్పింది. నెలసరి ఎందుకొస్తుందో, కడుపు దేనివల్ల వస్తుందో, దేనివల్ల రాదో, ఎవడైనా కావాలని చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో, బియ్యం ధర చెప్పినంత మామూలుగా. పావుగంట కూడా పట్టలేదు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. ఇద్దరు పిల్లల్ని కన్నా తనకి తెలియని సంగతులు అందులో కొన్ని ఉన్నాయి.

స్టేషనుకి వచ్చేసరికి ఆవిడ కోపమంతా మొగుడి మీదికి మళ్లింది. ఆ పుస్తకాలు ఆయన చేతే దింపించాలి. సంబంధం వద్దని పార్వతీపురానికి ఆయన నోటితోనే చెప్పించాలి. కామెర్లకి మంచిదని చెరుకు రసం కొని కూతురి చేతికిచ్చింది. దుర్గ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

“మళ్లీ ఏటొచ్చింది? ఒళ్లు కుదురుకోగానే బడికెళ్దువన్నాను కదా.”

“జయంతి రాదు కదమ్మా.”

జయంతి వాళ్ల వీధిలో గున్నమ్మ కూతురు. బళ్లో దుర్గ పక్కన కూర్చునే పిల్ల. కిందటి నెలలో ఉన్నట్టుండి పెళ్లి చేసి పంపించేశారు. ప్రసన్నలక్ష్మి కూడా వెళ్లి, భోంచేసి, స్టీలు బిందె చదివించి వచ్చింది.

“దానికి మంచి సంబంధం కుదిరింది, సేసేరు. దానికీ నీకూ ఏటి?”

దుర్గ గ్లాసు కింద పెట్టింది.

“నువ్వు నాకు సెప్పిందే నేను దానికి సెప్పేను. అదీ ట్రెక్కర్లోనే కదా వచ్చీది. బయపడిపోయి, కడుపొచ్చిందని ఆళ్లమ్మతో అనీసింది. అందుకే పెళ్లి సేసీసేరు, అమ్మా.”