కాకుల జట్టులో కొత్త గొంతు

ఈ మామిడితోటలో నా అంత పాటగాడు లేడు. అంటే, ఇంతవరకు నన్నెవరూ పాడనివ్వలేదనుకోండి.

మా కాకుల జట్టు ఏటా పాటల పోటీలో గోరింకల చేతిలో ఓడిపోతోంది. ఈసారి ఓడితే తోట ఖాళీ చేయాలని పందెం. అందుకే మా కాకి మామ వానాకాలానికి దాచిన తిండంతా పోసి, పేరుమోసిన కోకిలను కొనుక్కొచ్చాడు.

"నేనూ పాడతా మామా," అన్నాను.

"నీ గొంతు ఇంకా పచ్చిదిరా. పోయి ఆ చివరి కొమ్మ మీద కూర్చో."

పోటీనాడు చూస్తే ఏముంది, మా కోకిల గోరింకల కొమ్మ మీద కూర్చుని ఈకలు దువ్వుకుంటోంది. వాళ్లు ఇంకా ఎక్కువ తిండి పెడతామన్నారట. మామ తెరిచిన నోరు మూయలేదు. ఇక గతిలేక నన్ను ముందుకు తోశారు.

కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాను. తోటంతా బిత్తరపోయింది. ఆ కోకిలైతే, "వీణ్ణి ఎక్కడ కొన్నారు?" అని అడిగేసింది.

మా అమ్మ కూడా నన్ను ఎగాదిగా చూసింది గానీ, "కొనడమేమిటి నాయనా, పెంచుకున్నాను," అంది.

పందెం గెలిచాం. సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. నా నోట్లోంచి మొదటి 'కూ' రాగానే, "క్షమించండి, అపశ్రుతి పడింది," అన్నాను. అప్పటిదాకా నేను కాకిననే అనుకుంటున్నాను మరి.